కళ్ళు దిద్దని తలలు

జనవరి చివరి శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకు, ముంబయి దగ్గర పన్వేల్‌లో కంప్యూటర్ మీద శిల్పాలు చెయ్యడం నేర్పే కేంద్రంలో సుగంధా ఘరత్ పరీక్ష తప్పింది. గంటన్నరలో ఒక ముసలివాడి తల చెయ్యడం ఆ పరీక్ష. ఆమె తల చేసింది. ముక్కు, చెవులు, దవడ, మెడ నరాలు, పుర్రె వెనక భాగం ఉన్నాయి. కళ్ళు లేవు. కళ్ళు ఉండాల్సిన చోట రెండు ఉబ్బులు ఉన్నాయి.

పాఠం చెప్పే కేతకీ నింబాళ్కర్ మార్కుల కాగితం మీద "అసంపూర్తి" అని రాసింది. వచ్చే శుక్రవారం ఇంకోసారి కూర్చోవచ్చని, ఆ తర్వాత ఈ బ్యాచ్‌కు పరీక్ష ఉండదని చెప్పింది.

"కళ్ళు రావడం లేదా కాకూ?" అని అడిగింది. కేతకికి ఇరవై తొమ్మిదేళ్ళు. క్లాసులో తనకంటే పెద్ద ఆడవాళ్ళందరినీ పిన్నిని పిలిచినట్టు కాకూ అంటుంది.

"వస్తాయి మేడం."

"మరి?"

"టైం చాల్లేదు."

"చివరి పావుగంట మీరు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నేను చూశాను."

సుగంధ లేచింది. పెన్నును దాని స్టాండులో నిలబెట్టి, కుర్చీ కింద నుంచి సంచి తీసుకుని బయటికి నడిచింది.

కేతకికి తెలియనిది ఏమిటంటే, సుగంధ పనే కళ్ళు. పేణ్ ఊళ్ళో దిగంబర్ వడ్కే గణపతి విగ్రహాల కార్ఖానాలో ఆమె పెళ్ళయి వచ్చిన ఏడాది నుంచీ కళ్ళే దిద్దుతోంది. అక్కడ ఆ పనిని ఆఖణి అంటారు. ఒకరు అచ్చు పోస్తారు, ఒకరు గీకి నునుపు చేస్తారు, ఒకరు ఒంటికి రంగు వేస్తారు. ఆఖణి చేసేవాళ్ళ దగ్గరికి బొమ్మ చివర వస్తుంది. సుగంధకు ఆ పని నేర్పింది ఆమె అత్తగారు. ముంబయి మండపాల వాళ్ళు ఆర్డర్ ఇచ్చేటప్పుడు, కళ్ళు ఆ ఘరత్ ఆడమనిషి చేతే దిద్దించండి అని అడిగిన సంవత్సరాలు ఉన్నాయి. కార్ఖానా యజమాని కేంద్రానికి ఫోన్ చేసినప్పుడు మాత్రం "రంగుల సెక్షన్ మనిషి" అని ఊరుకున్నాడు.

ఆమె కుడిచేతి బొటనవేలి మొదలు దగ్గర కీలు అరిగిపోయింది. కుంచె పట్టుకుంటే కాసేపటికి వేలు వణుకుతుంది. పోయిన వానాకాలంలో జానెడు విగ్రహాలకు మించి దిద్దలేకపోయింది. పెద్దవాటికి యజమాని దిగంబర్ శేఠ్ పక్కనున్న హమ్రాపూర్ ఊరి నుంచి మనుషుల్ని పిలిపించాడు. దీపావళి అయ్యాక శేఠ్ ఒక కంప్యూటర్, బొమ్మల్ని ముద్రించే యంత్రం కొన్నాడు. ఇకమీద అచ్చులకు కావలసిన తొలి బొమ్మ మట్టితో చెయ్యరని చెప్పాడు. కంప్యూటర్‌లో చేసి, యంత్రంలో ముద్రించి, దాని మీద రబ్బరు అచ్చు తీస్తారు.

"నేర్చుకుని పాసైనవాళ్ళు కుర్చీలో కూర్చుంటారు. మిగతావాళ్ళకి షెడ్డులో పని ఉంటుంది" అన్నాడు.

షెడ్డులో పని అంటే పలక మీద పచ్చి విగ్రహాలు పెట్టుకుని అచ్చుల దగ్గర నుంచి ఎండబెట్టే చోటికి మొయ్యడం. అక్టోబర్‌లో సుగంధ ఒక పూట ఆ పని చేసి చూసింది. ఆ సాయంత్రం భాకరీ రొట్టెలకు పిండి కలపలేకపోయింది. కోడలు కలిపింది.

కార్ఖానా నుంచి ఇద్దరు నేర్చుకోవడానికి ఒప్పుకున్నారు. ఒకరు సుగంధ. ఇంకొకరు ధర్మా మోకల్, అచ్చులు తీసేవాడు, సుగంధకంటే ఐదేళ్ళు పెద్ద. పొద్దున కార్ఖానాలో పని, మధ్యాహ్నం ప్రభుత్వ ఎస్టీ బస్సులో పన్వేల్, సాయంత్రం మళ్ళీ బస్సు. గోవా హైవే తవ్వి ఉంది. ఇంటికి చేరేసరికి దుమ్ముతో ఇద్దరి వెంట్రుకలూ ఒకే రంగులో ఉండేవి.

కేంద్రంలో మొదట బంతితో మొదలుపెట్టించారు. తెర మీద బూడిదరంగు బంతి ఉంటుంది. కంప్యూటర్‌కు కలిపిన పలక మీద పెన్నుతో అదిమితే గుంట పడుతుంది, లాగితే ఉబ్బుతుంది, రుద్దితే నునుపవుతుంది. బంతిని గుడ్డు చెయ్యాలి, గుడ్డును మామిడికాయ చెయ్యాలి. చేశాక దాన్ని చెరిపేసి మళ్ళీ బంతి నుంచి మొదలుపెట్టాలి. ఆ తర్వాత పెట్టె, ఆ తర్వాత చెవి, పుర్రె, చివర తల.

"ముందు పెద్ద ఆకారం. దూరం నుంచి చూడండి. బొమ్మను తిప్పుతూ ఉండండి. దగ్గరికి వెళ్ళి ముడతలు గీకకండి" అని కేతకి వరసల మధ్య తిరుగుతూ చెప్పేది. రోజూ అదే చెప్పేది. ఆమె గొంతు మధ్యాహ్నానికే బొంగురుపోయి ఉండేది, పొద్దున కూడా ఒక బ్యాచ్ ఉండటం వల్ల.

ధర్మా మామిడికాయ చూసి ఆమె ఆగింది. పెద్ద మగవాళ్ళను అన్నయ్యను పిలిచినట్టు దాదా అంటుంది.

"దాదా, ఇది ఒకవైపు ఎందుకు చదునుగా ఉంది?"

"అచ్చులోంచి ఊడిరావాలి కదా మేడం."

"దీన్ని అచ్చు వెయ్యం. ఇది మామిడికాయ."

"అలవాటు. ముప్పై ఏళ్ళుగా ఏది చూసినా ఎటు నుంచి ఊడుతుందా అనే చూస్తున్నాను. మా ఆవిడని కూడా."

క్లాసు నవ్వింది. కేతకి కూడా కొంచెం నవ్వి ముందుకు వెళ్ళింది.

సుగంధకు బంతి తొందరగానే వచ్చింది. పెన్ను కుంచెకంటే లావు, కాబట్టి వేలికి సుఖం. వేలు వణికినా గీత వణకకుండా పెన్ను వెనకే తాడు కట్టినట్టు నెమ్మదిగా వచ్చే ఒక సదుపాయం ఉందని కేతకి చూపించింది. అది చూసిన రోజు సుగంధ బస్సులో ధర్మాతో ఆ సంగతి రెండుసార్లు చెప్పింది. చెవులు చేసింది. పుర్రెలు చేసింది. ఆమె చేసిన దవడను కేతకి పెద్ద తెర మీద వేసి అందరికీ చూపించింది.

క్లాసు ముగిసే ముందు ఎవరు చేసింది వాళ్ళు చెరిపెయ్యాలి. అది అక్కడి నియమం. కంప్యూటర్లలో చోటు తక్కువ, పొద్దున బ్యాచ్‌కీ మధ్యాహ్నం బ్యాచ్‌కీ అవే కంప్యూటర్లు. ఇంకో కారణం కూడా కేతకి చెప్పింది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు కాస్త బాగా వచ్చిన తలను పట్టుకుని దాన్నే నెలంతా గీకుతూ కూర్చుంటారు. చెయ్యండి, చెరపండి, మళ్ళీ చెయ్యండి. చేతికి అలా వస్తుంది.

చిక్కు అక్కడ వచ్చింది.

వడ్కే కార్ఖానాలో శేఠ్ తాతగారి నాటి నుంచి ఒక పద్ధతి ఉంది. కళ్ళు దిద్దే దాకా అది మట్టి. చెయ్యి విరిగితే, పొట్ట పగిలితే తొట్టిలో నానబెట్టి మళ్ళీ పిసుకుతారు. ప్లాస్టర్‌దైతే వెనక గుంతలో పడేస్తారు. ఎవరూ ఏమీ అనుకోరు. కళ్ళు దిద్దాక అలా చెయ్యరు. ఒకసారి లారీ బోల్తా పడి, సిద్ధమైన విగ్రహాలు పగిలితే, ముక్కల్ని గోనెసంచుల్లో వడ్‌ఖళ్ దగ్గర ఖాడీ అనే సముద్రపు పాయకు తీసుకెళ్ళి నీళ్ళలో వదిలారు. దిద్దిన కన్ను తుడవరు. తప్పు గీత పడినా దాని మీదే సర్దుకుంటారు. సుగంధకు అత్తగారు మొదట నేర్పింది గీత గియ్యడం కాదు. ఊపిరి బిగబట్టి, తుడవాల్సిన అవసరం రాకుండా గియ్యడం.

చెరపాలని తెలిసిన తలకు ఆమె కళ్ళు పెట్టలేకపోయింది. కళ్ళ పాఠం రోజు క్లాసుకు రాలేదు. బొటనవేలు చూపించుకోవడానికి డాక్టర్ దగ్గరికి వెళ్ళానని మర్నాడు చెప్పింది. డాక్టర్ దగ్గరికి వెళ్ళిన మాట నిజమే. చూపించుకునే తేదీని ఆ రోజుకు మార్చమని అడిగింది మాత్రం ఆమే. ఆ తర్వాత చేసిన తలలన్నీ ఉబ్బులతోనే చేసింది. కేతకి అడిగినప్పుడల్లా, చివర పెడతాను మేడం అంది. చివరకు గంట కొట్టేది.

పరీక్ష తప్పిన శుక్రవారం బస్సులో ధర్మా ఆమె పక్కన కూర్చున్నాడు. అతను పాసయ్యాడు. అతను చేసిన ముసలివాడి తల వెనక చదునుగా ఉన్నా, దానికి కళ్ళు ఉన్నాయి.

"చెప్పు. కళ్ళు ఎందుకు పెట్టలేదు?" అన్నాడు.

సుగంధ చెప్పింది. అతను విని, కిటికీ వైపు తిరిగి, మళ్ళీ ఇటు తిరిగాడు.

"తెర మీద బొమ్మకి కూడానా?"

"తెర మీదో మట్టి మీదో నాకు తెలీదు దాదా. చెయ్యి పోవట్లేదు."

"నేను రోజూ పెట్టాను, రోజూ చెరిపాను. నాకేమీ కాలేదే."

"నువ్వు అచ్చులవాడివి. నీకేమవుతుంది."

"అది గణపతి కాదు గదా, ముసలాడి తల. వాడెవడో మనకి తెలీదు కూడా."

"కన్ను కన్నే."

"సరే, ఒక పని చేద్దాం. శుక్రవారం నువ్వు కళ్ళు పెట్టు. పరీక్ష అవగానే కంప్యూటర్‌ని ఎత్తుకుపోయి ఖాడీలో నిమజ్జనం చేద్దాం. శేఠ్‌తో చెప్పి డీజే పెట్టిస్తాను."

"నోరు ముయ్యి."

"మోరియా అనడానికి మనుషులు కావాలి. మేడంని పిలుద్దామా?"

సుగంధ కొంగుతో ముక్కు కప్పుకుంది. తారా ఊరి దగ్గర రోడ్డు తవ్విన చోట కిటికీల్లోంచి దుమ్ము వస్తోంది. ధర్మా ఆమె వైపు తిరిగి, "షెడ్డులో నువ్వు నిలవలేవు సుగంధా" అన్నాడు. ఆ మాట మామూలుగా అన్నాడు.

"తెలుసు."

శనివారం పొద్దున శేఠ్ ఆమెను ఆఫీసులోకి పిలిచాడు. దిగంబర్ వడ్కేకి నలభై ఉంటాయి. అతను నిక్కరు వేసుకుని తిరిగే రోజుల నుంచి సుగంధ అక్కడ పని చేస్తోంది. అక్కను పిలిచినట్టు తాయీ అని పిలుస్తాడు, మీరు అంటాడు. ఆఫీసులో కొత్త కంప్యూటర్, దాని పక్కన ముద్రించే యంత్రం, వాటి మీద దుమ్ము పడకుండా పాత చీర కప్పి ఉంది.

"ఆఖణి చేసే మనిషికి కళ్ళు రావని రాసిందట ఆ పిల్ల. ధర్మా చెప్పాడు. నవ్వాలో ఏడవాలో తెలీలేదు."

"రావని రాయలేదు. అసంపూర్తి అని రాసింది."

"రెండూ ఒకటే. నేను ఫోన్ చేసి చెప్పనా, మీరెవరో?"

"వద్దు. పరీక్షలో కళ్ళు పెట్టనిది నేను. ఆమె తప్పేముంది."

"కారణం కూడా చెప్పాడు." శేఠ్ కుర్చీలో వెనక్కి వాలాడు. "ఆ పద్ధతి మట్టికి తాయీ. తాత పెట్టినప్పుడు కంప్యూటర్ ఎక్కడిది? ఇది కరెంటు. స్విచ్ ఆపితే ఉండదు."

సుగంధ బల్ల కింద చూసింది. అక్కడ అట్టపెట్టె ఉంది. అందులో తెల్లటి చిన్న గణపతులు ఉన్నాయి. యంత్రం కొన్న కొత్తలో ముంబయి నుంచి కొనుక్కున్న, కళ్ళున్న బొమ్మ ఫైలును ముద్రించి చూస్తున్నప్పుడు కరెంటు పోయి ఆగిపోయినవి, పొర జరిగి మొహం పక్కకు పోయినవి. ఒకదానికి కిరీటం లేదు. ఒకటి కళ్ళ దాకా వచ్చి ఆగింది. అన్నిటినీ ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టి, పైన చేతిరుమాలు పరిచి ఉంది.

"ఇవి ఇంకా ఉన్నాయా?" అంది.

"ఉంచాను. ఎవరికైనా పనికొస్తాయేమో అని."

"కిరీటం లేనిది ఎవరికి పనికొస్తుంది?"

శేఠ్ కాలితో పెట్టెను కొంచెం లోపలికి నెట్టాడు. తోసిన కాలును వెంటనే వెనక్కి తీసుకుని, వంగి చేత్తో సర్దాడు.

"వాటి సంగతి వదిలెయ్యండి. ప్లాస్టిక్. ఖాడీలో వేస్తే మున్సిపాలిటీ వాళ్ళు ఊరుకోరు, చెత్తలో వేస్తే అమ్మ ఊరుకోదు." టీ చప్పరించాడు. "తాయీ, నేను సూటిగా చెప్తాను. పాస్ కాగితం లేకుండా మిమ్మల్ని కుర్చీలో కూర్చోబెడితే, షెడ్డులో ఉన్నవాళ్ళందరూ రేపు వచ్చి మాకూ కుర్చీ కావాలంటారు. నాన్న ఉంటే ఏం చేసేవాడో తెలీదు. నేను చెయ్యలేను."

"నేను అడగలేదు."

"అడగలేదు కాబట్టే చెప్తున్నాను. శుక్రవారం కళ్ళు పెట్టండి. పెట్టి, కళ్ళు మూసుకుని ఆ చెరిపే మీట నొక్కెయ్యండి. సోమవారం వచ్చి ఇక్కడ కూర్చోండి."

సుగంధ బయటికి వచ్చింది. రంగుల గదికి వెళ్ళి, మాఘమాసపు పండుగ గణపతుల ఆర్డర్‌లో మిగిలిన చిన్నవి ముందు పెట్టుకుంది. మధ్యాహ్నం దాకా నాలుగు జతల కళ్ళు దిద్ది, వేలికి తైలం రాసుకుంది.

బుధవారం క్లాసుకు ముందు టీ బండి దగ్గర కేతకి నిలబడి ఉంది. సుగంధ వెళ్ళి పక్కన నిలబడింది. పాసైనా బ్యాచ్ ముగిసేదాకా క్లాసుకు వస్తున్న ధర్మా వడాపావ్ కోసం రోడ్డు దాటాడు.

"ప్రాక్టీస్ చేశారా కాకూ?"

"ఇంటి దగ్గర కంప్యూటర్ లేదు మేడం."

"అవును గదా. మర్చిపోతుంటాను." కేతకి గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. పొద్దున బ్యాచ్ అయ్యాక ఆమె ఇంకా ఏమీ తిన్నట్టు లేదు.

"పరీక్షలో చేసినవి కూడా చెరిపేస్తారా?"

"మార్కులు వెయ్యగానే. సోమవారం కొత్త బ్యాచ్ వస్తుంది."

"ఒకటి ఉంచితే?"

"ఒకరిది ఉంచితే అందరిదీ ఉంచాలి. అందరూ అడుగుతారు. మొదటి తల గదా, ఇంట్లో చూపించుకోవాలని ఉంటుంది." ఆమె టీ తాగింది. "నేను ముంబయిలో సినిమాల స్టూడియోలో చేశాను మూడేళ్ళు. ఒక శుక్రవారం వెళ్తే గేటుకి తాళం. నేను చేసినవన్నీ లోపల మెషిన్లలో ఉండిపోయాయి. ఇప్పుడు ఎవరైనా నీ పని చూపించు అంటే నా దగ్గర ఏమీ లేదు. అందుకే ఇక్కడ పాఠాలు చెప్తున్నాను."

"వాటికి కళ్ళు ఉన్నాయా?"

"వేటికి?"

"మీరు చేసినవాటికి."

"ఉంటాయి గదా. ఒక రాక్షసుడికైతే పదకొండు. అవి చెయ్యడానికే వారం పట్టింది."

"ఇప్పుడు అవి ఎక్కడున్నాయి?"

"ఎవరికి తెలుసు. మెషిన్లని తుక్కు కింద అమ్మేశారని విన్నాను."

సుగంధ గ్లాసు బండి మీద పెట్టింది. టీ సగం ఉంది.

"కాకూ, శుక్రవారం నేను ఏం చూస్తానో చెప్తాను. ఇది అందరికీ చెప్పేదే. కంటి గుంట లోతు. రెప్ప కింద కనుగుడ్డు గుండ్రంగా తెలియాలి. రెప్పకి మందం ఉండాలి, కాగితంలా ఉండకూడదు. ముక్కు వైపు మూల సరిగ్గా ఉండాలి. ఈ నాలుగూ ఉంటే నేను కళ్ళకి మార్కులు ఇస్తాను. అందంగా ఉండక్కర్లేదు."

"అంతేనా?"

"అంతే. మొదటి మెట్టు ఇది. ఇందులో ఫెయిల్ చెయ్యడం నాకూ ఇష్టం లేదు. పేణ్ నుంచి ఆ రోడ్డు మీద వస్తున్నారు మీరు."

ఆ సాయంత్రం తిరుగు బస్సులో ధర్మా ఎదురు సీట్లో నిద్రపోయాడు. తల వెనక్కి వాలి, నోరు కొంచెం తెరుచుకుంది. అతను రోజూ అలాగే నిద్రపోతాడు. సుగంధ రోజూ కిటికీలోంచి చూసేది. ఆ రోజు అతని మొహం చూసింది. పైరెప్ప కింద కనుగుడ్డు ఉబ్బు ముక్కు వైపు కాక, కొంచెం బయటి వైపుకు ఎత్తుగా ఉంది. పైరెప్ప వచ్చి కిందిరెప్ప మీద కూర్చున్న చోట సన్నటి గట్టు ఉంది. బస్సు గుంతలో పడ్డప్పుడు రెప్ప లోపల గుడ్డు కదిలింది. గురువారం కూడా అలాగే చూసింది. పేణ్ డిపో వచ్చేదాకా చూసింది. ధర్మా మెలకువ వచ్చి, "ఏంటి, చొంగ కారుతోందా?" అన్నాడు.

"లేదు. పడుకో."

"దిగాలి గదా."

శుక్రవారం మూడింటికి పరీక్ష మొదలైంది. మళ్ళీ రాసేవాళ్ళు ముగ్గురు. ధర్మా పాసైనవాడు కాబట్టి వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. సుగంధ బంతితో మొదలుపెట్టింది. బంతిని గుడ్డు చేసింది. కింద నుంచి దవడ లాగింది. పుర్రె వెనక భాగం ముందే చేసింది. ముక్కు పెట్టింది. బొమ్మను తిప్పింది. చెవులకు ఎక్కువసేపు పట్టింది. వేలు వణకడం మొదలైనప్పుడు పెన్ను కింద పెట్టి, చెయ్యి దులిపి, మళ్ళీ తీసుకుంది.

అరగంట మిగిలి ఉండగా కళ్ళ దగ్గరికి వచ్చింది. గుంటలు అదిమింది. రెండు చిన్న బంతులు పెట్టింది. వాటి మీదికి పైరెప్పను దించింది. కిందిరెప్ప దాకా దించింది. రెండూ కలిసిన చోట ఒక గట్టు వదిలింది. ముక్కు వైపు మూలలో చిన్న గుంట పెట్టి, బయటి మూలలో మూడు ముడతలు గీసింది. గంట కొట్టేసరికి ఆమె చేతులు పెన్ను మీదే ఉన్నాయి.

కేతకి వచ్చి పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. తలను తిప్పింది. పైనుంచి చూసింది, కింద నుంచి చూసింది. కళ్ళ దగ్గరికి వెళ్ళింది.

"నిద్రపోతున్నాడా?"

"ఆఁ."

"నేను తెరిచిన కళ్ళు అనుకున్నాను."

"మీరు చెప్పిన నాలుగూ ఉన్నాయి మేడం."

కేతకి మళ్ళీ చూసింది. పెన్నుతో రెప్ప అంచు దాకా వెళ్ళి ఆగింది. "లోతు ఉంది. గుడ్డు తెలుస్తోంది. మందం ఉంది. మూల ఉంది." తలను మళ్ళీ ఎదురుగా తిప్పింది. "ఎందుకు మూసే చేశారు?"

"తెరిస్తే చెరపలేను."

కేతకి ఆమె వైపు చూసింది. కాగితం మీద కళ్ళు, చెవులు, వెనక భాగం అని ఉన్న గళ్ళు నింపింది. చెవికి ఒక మార్కు తగ్గించి, తర్వాత దాన్ని కొట్టేసి మళ్ళీ వేసింది. కింద "ఉత్తీర్ణురాలు" అని రాసి సంతకం పెట్టింది.

వరండాలోంచి ధర్మా లోపలికి తొంగి చూశాడు. తెర దగ్గరికి వచ్చాడు.

"ఇది నేనే గదా."

"ముసలివాడు" అంది సుగంధ.

"నేనే. ఈ చెవి నాదే. పైగా చచ్చినట్టున్నాను."

"నిద్రపోయినట్టున్నావు."

"మేడం, మొహం వాడుకునే ముందు మనిషిని అడగాలని మీ పాఠంలో లేదా?"

"రెండో మెట్టులో ఉంది దాదా" అంది కేతకి, కాగితాలు సర్దుకుంటూ.

సుగంధ మీట నొక్కింది. నిజంగా చెరపాలా అని తెర అడిగింది. అవును అని నొక్కింది. తెర మీద బూడిదరంగు ఖాళీ మిగిలింది.

"ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు చూడండి మేడం" అన్నాడు ధర్మా. "నన్ను చెరపడానికి."

సోమవారం పొద్దున సుగంధ కార్ఖానా ఆఫీసులో కొత్త కంప్యూటర్ ముందు కూర్చుంది. శేఠ్ చీర తీసి మడతపెట్టాడు. జీతం వానాకాలం తర్వాత చూద్దామన్నాడు. మొదటి పనిగా జానెడు ఎత్తు గణపతి, పీట మీద కూర్చున్నది ఇచ్చాడు. ధర్మా అచ్చు తీయాల్సినది అదే కాబట్టి, తొండం పొట్టకు ఎంత దూరంలో ఉండాలో పక్కన నిలబడి చెప్పాడు. పొద్దుటి నుంచి చెప్పాడు. మధ్యాహ్నం శేఠ్ అతన్ని బయటికి పంపించాడు.

సుగంధ ఒళ్ళు, చేతులు, చెవులు, కిరీటం చేసింది. కళ్ళ చోట రెండు ఉబ్బులు వదిలింది.

"ఇక్కడ చెరిపేవాళ్ళు ఎవరూ లేరు గదా. ఇక్కడ కూడా ఎందుకు?" అన్నాడు శేఠ్.

"ముద్రించి చూస్తారు గదా ముందు."

"చూడాలి."

"చూడండి. సరిగ్గా వచ్చాక పెడతాను."

మంగళవారం ముద్రించిన మొదటి బొమ్మకు తొండం చివర నిలవలేదు. కరెంటు పోయి మళ్ళీ వచ్చింది. శేఠ్ బొమ్మను యంత్రంలోంచి తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, ఉబ్బుల మీద బొటనవేలితో రాసి, గుమ్మం దగ్గరున్న చెత్తబుట్టలో వేశాడు. తొండాన్ని సుగంధ కొంచెం లావు చేసింది. బుధవారం రెండోది సరిగ్గా వచ్చింది. ధర్మా దాన్ని ఎత్తి పట్టుకుని, ఎటు నుంచి ఊడుతుందో చూసి, తల ఊపాడు. అదీ బుట్టలోకి వెళ్ళింది.

గురువారం పొద్దున సుగంధ వేలికి తైలం రాసుకుని, తుడుచుకుని, పెన్ను తీసుకుంది. ఎడమ చెయ్యి మీటల మీద ఉంది. చేసినదాన్ని వెనక్కి తీసుకునే మీట దగ్గర నుంచి దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఊపిరి బిగబట్టింది. ముందు కుడికన్ను, తర్వాత ఎడమకన్ను. ఎడమకంటి పైరెప్ప గీత చివర ఒకచోట పెన్ను ఆగి మళ్ళీ కదిలింది. ఆ గీతను అలాగే ఉంచింది.

సాయంత్రం ఐదింటికి మూడో బొమ్మ యంత్రంలోంచి పూర్తిగా వచ్చింది. శేఠ్ దాన్ని బల్ల మీద, తూర్పు వైపు తిప్పి పెట్టాడు. శుక్రవారం ధర్మా దాని మీద రబ్బరు పోశాడు. శేఠ్ ఫైలుకు రెండు నకళ్ళు తీసి, ఒకటి బీరువాలో పెట్టి తాళం వేశాడు.

బల్ల కింద అట్టపెట్టె అక్కడే ఉంది. చేతిరుమాలు కూడా ఉంది. ఆ వారం అందులో కొత్తగా ఏదీ పడలేదు.